'తబఖాత్' అంటే తరాలా, వర్గాలా?

ప్రశ్న: మధ్యయుగాల అరబ్బీ ధర్మశాస్త్ర పండితుల జీవిత చరిత్రల మీద వ్యాసం రాస్తున్నాను. 'తబఖాత్ అల్ ఫుఖహా' అనే పుస్తకం పేరు దగ్గర ఆగిపోయాను. తబఖ అంటే పొర, అంతస్తు, వర్గం అని నిఘంటువులో ఉంది. 'పండితుల వర్గాలు' అంటే ఏదో ముఠాల గొడవలా వినిపిస్తోంది. ఏం పెట్టమంటారు?

— 'వర్గాలు' వద్దండీ. ఆ పుస్తకం రాసిన అబూ ఇస్హాఖ్ షీరాజీ (మ. 1083) బాగ్దాద్‌లోని నిజామియా విద్యాలయంలో పాఠాలు చెప్పినాయన. ముందు ప్రవక్త సహచరులు, తర్వాత వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు, వీళ్లను మళ్లీ మదీనా, మక్కా, కూఫా, బస్రా అని ఊళ్లవారీగా పెట్టాడు. ఎవరు ఎవరి దగ్గర విన్నారన్నదే అక్కడ అసలు సంగతి. ఇద్దరి కాలాలూ కలవకపోతే గురుశిష్యులన్న మాటే నిలవదు గదా! అందుకే 'తరాలు' నప్పుతుంది. పైగా మనకు తరం అంటే స్థాయి కూడా; పాత రెవెన్యూ లెక్కల్లో భూములకూ తరాలుండేవి. 'అంతస్తు'లో మేడా ఉంది, హోదా ఉంది, కాలం మాత్రం లేదు.

— (ఇంకొకరు) బాగుంది గానీ ఒక చిక్కు. కైరోకు చెందిన ఖురషీ (మ. 1373) హనఫీ (ఇస్లామిక్ ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటి) పండితుల మీద రాసిన 'అల్ జవాహిర్ అల్ ముదియ్యా ఫీ తబఖాత్ అల్ హనఫియ్యా' చూడండి. మన హైదరాబాద్‌లోని ప్రచురణ సంస్థ దాయిరతుల్ మఆరిఫ్ వాళ్లే హిజ్రీ 1332లో అచ్చేశారు. పేరులో తబఖాత్, లోపల చూస్తే అక్షరక్రమం! దాన్ని 'హనఫీల తరాలు' అంటే తప్పుదోవ పట్టించినట్టే.

— నిజమే. అప్పటికి ఆ మాట ఒక రకం పుస్తకానికి పేరైపోయింది. ఇబ్న్ ఖల్లికాన్ (మ. 1282) నయం, తన జీవిత చరిత్రల పుస్తకానికి 'వఫయాత్', అంటే మరణాలు, అని పేరు పెట్టి అక్షరక్రమం పట్టుకున్నాడు. దాంతో మొదట్లోనే వరసగా ఇబ్రాహీములు: ఎనిమిదో శతాబ్దం మొదట్లో పోయిన పండితుడు నఖయీ, ఆయన వెనకాలే 854లో పోయిన అబూ సౌర్, ఆ గుంపులోనే మన షీరాజీ కూడా, ఆయన అసలు పేరు ఇబ్రాహీమే మరి. తరాల లెక్క కట్టినాయనకు తరం లేని వరసలో చోటు దొరికింది!

కాబట్టి పుస్తకాల పేర్లలో తబఖాత్ అలాగే ఉంచి ఒకసారి అర్థం చెప్పండి. లోపల షీరాజీ వరస వివరించేటప్పుడు మాత్రం 'తరం' వాడండి.

ప్రశ్న: సరేనండీ. తబకాత్ అనాలా, తబఖాత్ అనాలా?

— ఖాజీ అంటాం, కాజీపేట అని రాస్తాం. నా ఓటు 'ఖ'కే. ఏదైనా సరే, వ్యాసమంతా ఒకటే ఉంచండి.