మల్లన చంపకమాలలో 'అబ్ధి' నాలుగా, ఏడా?

చదరంగం పలకలో 64 గళ్లు. మొదటి గడిలో ఒక గింజ, తర్వాతి దాంట్లో రెండు, ఆపైన నాలుగు... ఇలా రెట్టిస్తూ పోతే మొత్తం ఎన్నో తెలుగు గణితకవి పావులూరి మల్లన ఒక చంపకమాలలో చెప్పాడు. అంకెలున్న భాగం ఇది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

భూతసంఖ్యలు కదా, అంటే అంకెల బదులు వస్తువుల పేర్లు: శర అంటే 5, శశి అంటే 1. వాటిని కుడి నుంచి ఎడమకు పేర్చాను. 18476747073709551615 వచ్చింది. సరిచూసుకున్నాను కూడా. నాలుగేసి గళ్లు కలిపితే మొదట 1+2+4+8, అంటే 15. ఆ తర్వాతి నాలుగూ దానికి 16 రెట్లు. కాబట్టి మొత్తం 3తోనూ, 5తోనూ పోవాలి. చివర 5 ఉంది, అంకెల మొత్తం 93. అంతా బాగానే ఉంది కానీ కంప్యూటర్ మాత్రం 18446744073709551615 అంటోంది! తప్పు పద్యానిదా, నాదా?

— మీదేనండీ. అబ్ధి, పయోనిధి రెండూ సముద్రాలే కాబట్టి రెండింటికీ 7 వేసుకున్నారు. సప్తసముద్రాలు మన నోట అంతగా నానాయి మరి. ఈ పద్యంలో సముద్రం అంటే 4, చతుస్సముద్రాలు. ఏడుకు మల్లన కొండల్ని వాడాడు: నగ, భూధర, గిరి, మూడూ కులపర్వతాలే. ఇక 3తో చూస్తే ఈ తప్పు దొరకదు. 4ను భాగించినా 7ను భాగించినా మిగిలేది 1 కదా! 17తో చూడండి. ఎనిమిదేసి గళ్లు కలిపితే 255, అంటే 15×17. అసలు సంఖ్య 17తో నిశ్శేషంగా పోతుంది, మీది 8 మిగులుస్తుంది.

— చూశాను, 8 మిగిలింది! పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు నాలుగని తెలిసి కూడా పక్కనున్న పయోనిధి దగ్గర పడ్డాను. ఇంకో సందేహం. 'వియన్నగాగ్ని'లో నగ బదులు నాగ (ఏనుగు) అని చదివితే 8 కదా?

— అక్కడ ఛందస్సే ఒప్పుకోదు. వి-యన్-న, లఘువు గురువు లఘువు, చంపకమాలలో అక్కడ రావాల్సిన జగణం. 'నా' అంటే గణం చెడుతుంది. పైగా అంకెల మొత్తం 87 కాస్తా 88 అయి 3తో కూడా పోదు.

— ఒక కొసరు. ఇదే సంఖ్యకు 2^32+1 కూడా ఒక భాజకం. అది ప్రధాన సంఖ్యేనని గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు. పూర్తిగా విడగొడితే 3×5×17×257×641×65537×6700417. ఈ ఏడింటినీ ఎవరైనా భూతసంఖ్యల్లో పద్యం కట్టండి, 65537 దగ్గర శర, సాయక రెండూ పనికొస్తాయి.