వైఫై డ్రైవరులో హార్డ్‌వేర్ క్యూ పొడుగ్గా ఉండాలా, పొట్టిగానా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
మా వీధిలో 11 ఇళ్లకు ఒకే పెట్టె నుంచి వైఫై ఇస్తున్నాను. ఒకరు సినిమా దింపుకుంటే చాలు, మిగతావారి ఫోను మాటలు ముక్కలయ్యేవి. వైఫై చిప్పును నడిపే ప్రోగ్రాము, అదే డ్రైవరులో, హార్డ్‌వేర్ క్యూను (పంపాల్సిన ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, చిప్పులో బారులు తీరే చోటు) 512 ప్యాకెట్ల నుంచి 32కు కుదించాను. ఇప్పుడు మాట స్పష్టంగా ఉంది. అసలు అంత పొడుగు క్యూ ఎవరికి కావాలి?

వంశధార, గుణుపురం:
32 తప్పు. 802.11ఎన్ అనే వైఫై ప్రమాణంలో 64 ప్యాకెట్ల వరకు ఒకే మూటగా కట్టి పంపవచ్చు. మీ క్యూలో సగం మూటే పడుతుంది. వేగం కొలిచారా?

మహేంద్రతనయ:
కొలిచాను, కొంత తగ్గింది. తగ్గనివ్వండి. 6 మెగాబిట్ల వేగం దగ్గర 1500 బైట్ల ప్యాకెట్లు 1000 బారులు తీరితే అవి కదలడానికే 2 సెకన్లు. వాటి వెనక చిక్కిన ఫోను మాట గతి ఏమిటి?

వంశధార:
1000 ఉంచమని నేను ఎక్కడ అన్నాను? 32 తప్పు అన్నాను. దానికి జవాబు చెప్పండి.

కొరాపుట్ చలి:
మాటలకు వేరే క్యూ ఉంటుంది కదా? మాట, వీడియో వంటివాటికి ముందు దారి ఇచ్చే వైఫై పద్ధతి డబ్ల్యూఎంఎంలో నాలుగు ఉన్నాయి.

మహేంద్రతనయ:
ఇది మాట అని యాప్ ప్యాకెట్టు మీద గుర్తు వేస్తేనే. లేకపోతే మాటలూ సినిమా ఒకే క్యూలో పడతాయి.

నాగావళి, రాయగడ:
ఇద్దరూ ప్యాకెట్లు లెక్కపెట్టడమే పొరపాటు. తీగ నెట్‌వర్కులకు 2012లో లైనక్స్ 3.3 బైట్ల హద్దు తెచ్చింది. వైఫైలో ఒక్కో ఫోనుకు ఒక్కో వేగం కాబట్టి ఆ లెక్క నిలవదు. అందుకే లైనక్స్ 5.5లో ఎయిర్‌టైమ్‌తో, అంటే ప్యాకెట్లు గాలిలో తీసుకునే సమయంతో, హద్దు పెట్టారు. చిప్పులో రెండు మూటలు చాలు: ఒకటి వెళుతుంటే ఒకటి సిద్ధంగా. మిగతావి పైన ఫోనుకొక క్యూలో ఉంటే క్యూను కాపలా కాసే కోడెల్ అనే పద్ధతి పాతబడినవాటిని పారేయగలదు. చిప్పులోకి దిగాక వరుస మార్చలేం.

వంశధార:
ఎయిర్‌టైమ్ పేరెత్తకండి. మా వీధిలో వైఫై ఇచ్చేవాడు ఇంటింటికీ సమాన ఎయిర్‌టైమ్ అని పెట్టాడు. మా ఇల్లు చివరిది, రెండు గోడల అవతల. ఇప్పుడు అమ్మ వీడియోలో చెల్లెలి ముఖం చూసుకోలేకపోతోంది.

నాగావళి:
మీ ఫోను నెమ్మది. అదే ప్యాకెట్టుకు పక్కింటి కన్నా ఎన్నో రెట్ల సమయం తీసుకుంటుంది. అందరికీ సమానంగా ప్యాకెట్లు ఇస్తే వీధి మొత్తం మీ వేగానికి దిగిపోతుంది.

వంశధార:
నెలకు కట్టే డబ్బు మాత్రం పక్కింటితో సమానం! అది ఏ క్యూలో ఉంది?

మహేంద్రతనయ:
అంటే మీ గొడవ 32 గురించి కాదు.

వంశధార:
32 కూడా తప్పే. కానీ చివరి ఇంటికి ఎంత ఇవ్వాలో తేల్చేది మీ డ్రైవరు కాకూడదు.

మహేంద్రతనయ:
మరి మా 11వ ఇంటికి రెండో పెట్టె పెట్టాలంటే స్తంభం, తీగ ఖర్చు ఎవరి మీద వేయను? పది ఇళ్లవాళ్లను అడిగి చూశాను. ఒక్కరూ పలకలేదు.