అప్‌డేట్: ఏళ్లనాటి నడుము నొప్పికి ఆపరేషన్ అవసరం పడలేదు

ఎమ్మారైలో నడుము కింది భాగంలోని ఎల్4, ఎల్5 వెన్నుపూసల మధ్య డిస్క్ (మెత్తని దిండులాంటి భాగం) ఉబ్బినట్లు రాసినందున, ఏళ్లుగా ఉన్న నడుము నొప్పికి శస్త్రచికిత్స తప్పదా అని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

కాకినాడలో చూపించుకున్న ఎముకల వైద్యులు కాళ్ల బలాన్ని, స్పర్శను పరీక్షించి, నొప్పి ఏమాత్రం లేనివారి ఎమ్మారైల్లోనూ ఇటువంటి ఉబ్బు తరచుగా కనిపిస్తుందని, కాబట్టి ఆ రిపోర్టు ఒక్కదానిని బట్టి ఆపరేషన్ నిర్ణయించకూడదని వివరించారు. మూడు నెలలు దాటిన నడుము నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వ్యాయామాన్ని సూచిస్తూ, నడుము బెల్టులను, వెన్నును లాగి ఉంచే ట్రాక్షన్‌ను మామూలు చికిత్సగా వాడవద్దన్నాయి. (మా కోనసీమలో మందుల షాపుకు వెళ్తే ముందు చూపించేది బెల్టే!)

ఫిజియోథెరపిస్టు నేర్పిన ప్రకారం వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుమును పైకెత్తే వ్యాయామంతో మొదలుపెట్టి, సాయంత్రాలు కాలువ గట్టు మీద నడక క్రమంగా పెంచాను. మొదట్లో నొప్పి కాస్త ఎక్కువైంది. అలా కావచ్చని ఆయన ముందే చెప్పి ఉండకపోతే మానేసేవాడిని. నొప్పి పూర్తిగా పోలేదు. నాట్ల రోజుల్లో చేలో ఎక్కువసేపు వంగితే మరునాడు నడుము పట్టేస్తుంది, కాపడం పెట్టుకుంటే సర్దుకుంటుంది. అయినా పని ఆగడం లేదు, నొప్పి మాత్రలు అరుదుగానే వేసుకుంటున్నాను.

కాలి తిమ్మిరి గురించి అడిగినవారికి ఒక మాట: మర్మావయవాల చుట్టూ స్పర్శ తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా, కాలు బలహీనపడుతున్నా వ్యాయామాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.