ఎస్‌క్యూలైట్ షెల్‌ను రీడ్‌లైన్‌తో కలిపితే పబ్లిక్ డొమైన్ కోడ్ జీపీఎల్ అయిపోతుందా?

కోనసీమ_కోడ్:
ఎస్‌క్యూలైట్ డేటాబేస్ సోర్సు పబ్లిక్ డొమైన్, అంటే దాని మీద ఎవరికీ కాపీరైట్ లేదు. టైప్ చేసే లైన్‌ను సరిదిద్దుకోనిచ్చే గ్నూ రీడ్‌లైన్ లైబ్రరీ 6.0 నుంచి జీపీఎల్ 3వ వెర్షన్, అంటే పంచితే సోర్సు కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఈ రెండూ కలిపి బిల్డ్ చేసిన కమాండ్‌లైన్ షెల్‌ను (కమాండ్లు టైప్ చేసి డేటాబేస్ వాడే ప్రోగ్రామ్) ఇళ్లలో వాడే ఒక పరికరంలో పెట్టి అమ్మాలి. దాంతో ఎస్‌క్యూలైట్ మొత్తం జీపీఎల్ అయిపోతుందని మా టీమ్‌లో ఒకరి వాదన. నేను ఒప్పుకోను. ఎవరికీ హక్కు లేని కోడ్ మీద కొత్తగా హక్కు ఎక్కడిది?

బైనరీ_బాబాయ్:
సోర్సు వరకు మీరన్నది నిజం. ఆ ఫైళ్లు పబ్లిక్ డొమైన్‌లోనే ఉంటాయి, రేపు ఎవరైనా తీసుకుని క్లోజ్డ్ ప్రాడక్టులో వాడుకోవచ్చు. బైనరీ (కంపైల్ అయిన ప్రోగ్రామ్) సంగతి వేరు. రీడ్‌లైన్ కలిసిన ఎగ్జిక్యూటబుల్‌ను బయటికి ఇస్తే మొత్తాన్నీ జీపీఎల్ షరతుల మీదే ఇవ్వాలి: షెల్ సోర్సు, రీడ్‌లైన్ సోర్సు, బిల్డ్ స్క్రిప్టులు, మీరు షెల్‌లో చేర్చిన సొంత కమాండ్లు కూడా. పైగా ఇళ్లలో వాడే పరికరం అంటున్నారు. ఫర్మ్‌వేర్‌కు (పరికరంలోని సాఫ్ట్‌వేర్) మీ డిజిటల్ సంతకం ఉంటేనే బూట్ అయ్యేలా చేస్తే, మార్చిన బైనరీని కొన్నవాళ్లు ఎక్కించుకోవడానికి కావాల్సిన కీలు, వివరాలు ఇవ్వాలని జీపీఎల్ 6వ సెక్షన్ చెబుతుంది. మీకు అసలు బరువు ఇదే.

పెంగ్విన్_పల్లె:
డైనమిక్ లింకింగ్ (లైబ్రరీ వేరే ఫైలుగా ఉండి, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు కలవడం) అయితే ఇంత లేదండీ. షెల్ వాడేది రీడ్‌లైన్‌లోని కొద్ది ఫంక్షన్లే. అవే పేర్లతో, షరతులు తక్కువుండే బీఎస్‌డీ లైసెన్సున్న లిబ్‌ఎడిట్ లైబ్రరీ కూడా పనిచేస్తుంది. రెండింటిలో దేనితోనైనా నడిచే కోడ్ రీడ్‌లైన్ నుంచి పుట్టిందని ఎలా అంటారు?

బైనరీ_బాబాయ్:
ఆ వాదనలో బలం ఉంది, కాదనను. కానీ జీపీఎల్‌ను రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ డైనమిక్ లింకింగ్‌కూ మినహాయింపు ఇవ్వదు. 1992లో సీలిస్ప్ (లిస్ప్ భాషను నడిపే ప్రోగ్రామ్) విషయంలో రీడ్‌లైన్ గురించే ఇలాంటి వాదన నడిచి, చివరికి సీలిస్ప్‌నే జీపీఎల్ కింద విడుదల చేశారు. అయినా మీ వాదన పనికొచ్చేది షెల్ ఒక్కటే పంచి, రీడ్‌లైన్‌ను యూజర్ సిస్టమ్‌కు వదిలేసినప్పుడు. ఇక్కడ రెండూ ఒకే ఫర్మ్‌వేర్‌లో పోతున్నాయి.

పెంగ్విన్_పల్లె:
సరే, ఆ తేడా ఒప్పుకుంటాను. అయితే తీసేయడమే తేలిక. బిల్డ్‌ను సిద్ధం చేసే కాన్ఫిగర్ స్క్రిప్టుకు రీడ్‌లైన్ వద్దని చెప్పే ఆప్షన్ ఉంది, తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే, బిల్డ్ మెషీన్‌లో రీడ్‌లైన్ హెడర్లు ఉన్నాయంటే అది అడక్కుండానే కలిపేస్తుంది. లైన్ ఎడిటింగ్ కావాలంటే లిబ్‌ఎడిట్ గానీ లైన్‌నాయిస్ గానీ పెట్టుకోండి. మ్యాక్‌లో చూసి సరిపోయిందనుకోవద్దు, అక్కడ రీడ్‌లైన్ పేరుతో లింక్ చేసినా వచ్చేది లిబ్‌ఎడిటే. లినక్స్ బైనరీ మీద ఎల్‌డీడీ (అది ఏ లైబ్రరీలను వాడుతుందో చూపే టూల్) నడిపి చూడండి. లైబ్రరీ బైనరీలోనే కలిసిపోయే స్టాటిక్ బిల్డ్ అయితే ఎల్‌డీడీలో ఏమీ కనబడదు, సింబల్స్ (ఫంక్షన్ల పేర్లు) వెతికినా లిబ్‌ఎడిట్‌లోనూ అవే పేర్లు ఉంటాయి. అప్పుడు లింకర్ మ్యాప్ ఫైలులో ఏ ఆర్కైవ్ నుంచి ఏ ఆబ్జెక్ట్ వచ్చిందో చూడాల్సిందే.

కోనసీమ_కోడ్:
మరి మా యాప్ నేరుగా ఎస్‌క్యూలైట్ లైబ్రరీని వాడుతోంది. దానికీ ఇదే సమస్యా?

బైనరీ_బాబాయ్:
లేదు. రీడ్‌లైన్‌ను పిలిచేది షెల్ ఒక్కటే, లైబ్రరీకి దానితో పనిలేదు. కొన్నవాళ్లకు షెల్ అవసరం లేకపోతే ఫర్మ్‌వేర్ నుంచి షెల్‌ను, రీడ్‌లైన్‌ను రెండింటినీ తీసేయండి. కానీ ఫర్మ్‌వేర్ ఇమేజ్‌లో బాష్ (లినక్స్ కమాండ్ షెల్) ఉందేమో చూసుకోండి, అదీ జీపీఎల్ 3వ వెర్షనే.