అప్‌డేట్: అమ్మ చిగుళ్ల నుంచి రక్తం, అసలు కారణం గార

పళ్లు తోముకున్నప్పుడల్లా అమ్మ చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని, వేప పుల్ల, లవంగ నూనె, త్రిఫల కషాయంలో ఏది మంచిదని రెండు నెలల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "ముందు డెంటిస్టుకు చూపించండి" అన్నవాళ్లకు మరీ మరీ.

ఇక్కడ బెంగళూరులో, మారతహళ్లిలోనే చూపించాం. డాక్టరు గారు చిన్న అద్దం పెట్టి నాకూ చూపించారు. కింది ముందు పళ్ల లోపలివైపు గోధుమరంగు గార, రాయిలా గట్టిపడి చిగురు కిందికి దిగిపోయింది. అంత గట్టిపడ్డాక ఏ పొడికీ, ఏ కషాయానికీ ఊడిరాదట. రెండు సిట్టింగుల్లో స్కేలింగ్ (పరికరంతో గార తీసేయడం) చేశారు. పది రోజులకు రక్తం ఆగిపోయింది. పళ్లు వదులవుతాయేమోనని అమ్మ పడ్డ టెన్షన్ కూడా పోయింది.

లవంగ నూనె మాత్రం జాగ్రత్తండీ. అమ్మ దూదితో నేరుగా అద్దుకున్న చోట చిగురు తెల్లగా కాలినట్టయింది. అందులోని యూజెనాల్ నొప్పి తెలియకుండా చేస్తుందంతే, గారను కదిలించదు.

గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించమన్న సలహా స్కేలింగ్ తర్వాత బాగా పనికొచ్చింది. వేప పుల్ల అమ్మ మానలేదు. కొస మెత్తగా నమిలి, చిగుళ్లను గీరకుండా తోముకోమన్నారు డాక్టరు గారు, రాత్రి పూట మాత్రం బ్రష్. త్రిఫల జోలికి వెళ్లలేదు. షుగర్ పరీక్ష నార్మల్. విటమిన్ సి లోపం అనుకున్నదీ కాదు.

ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు.