కొత్త ల్యాప్‌టాప్‌లో మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ 10 వేయాలా, 11 ఉంచాలా?

ప్రశ్న – నల్లగొండ నుంచి

అందరికీ నమస్కారం. ప్రకాశం బజారులో 12 ఏళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, వకీలు నోటీసులు నా రోజువారీ పని. గత వారం 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాను. విండోస్ 11 హోమ్ దానితోనే వచ్చింది కానీ, అమ్మిన దుకాణంవారు అడగకుండానే అక్కరలేని ప్రోగ్రాములు నింపి ఇచ్చినందువల్ల, డిస్కు మొత్తం తుడిచి మళ్లీ వేద్దామనుకుంటున్నాను. ఎలాగూ వేస్తున్నప్పుడు, చేతికి అలవాటైన విండోస్ 10నే వేసుకోవడం మంచిదా? నా పాత కంప్యూటర్‌లో 32 బిట్ విండోస్ 10 మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7తో పాటు చాలా పాత తెలుగు టైపింగ్ ప్రోగ్రాము ఒకటి నడుస్తోంది. వందల పత్రికలు ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి, పని ఆగితే నష్టపోతాను.

జవాబు – మహబూబ్‌నగర్ నుంచి

అన్నగారూ, 11నే ఉంచండి. విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవారు విడిగా నమోదు చేసుకుంటే వచ్చే పొడిగింపు కూడా 2026 అక్టోబర్ 13 వరకే. మీ దుకాణంలో ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు రోజంతా పెడుతూ తీస్తూ ఉంటారు కాబట్టి, అప్‌డేట్లు లేని సిస్టమ్ మీలాంటి వారికే ఎక్కువ ప్రమాదం. పైగా కొత్త మోడళ్లలో చాలావాటికి కంపెనీలు 11కు మాత్రమే డ్రైవర్లు (వైఫై, డిస్కు వంటి భాగాలను విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాములు) ఇస్తున్నాయి. లైసెన్సు కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది గనుక, హోమ్ ఎడిషనే వేస్తే నెట్ తగలగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. పొరపాటున ప్రో వేస్తే కాదు.

జవాబు – మిర్యాలగూడ నుంచి

పై మాటతో ఏకీభవిస్తాను, అయితే అసలు చిక్కు 10కీ 11కీ మధ్య లేదు, 32 బిట్‌కూ 64 బిట్‌కూ, అంటే విండోస్ పాత రూపానికీ కొత్త రూపానికీ మధ్య ఉంది. 16 బిట్ ప్రోగ్రాములు, అంటే మరీ పాతకాలపువి, 64 బిట్ విండోస్‌లో నడవవు, అది 10 అయినా సరే; 11లోనైతే 32 బిట్ రూపమే లేదు. మీ టైపింగ్ ప్రోగ్రాము అటువంటిదైతే, దానికోసం కొత్త ల్యాప్‌టాప్‌లో 32 బిట్ విండోస్ 10 వేయవలసి వస్తుంది. అప్పుడు మీ 16 జీబీలో 4 జీబీకి మించి వాడుకోలేరు. కాబట్టి డిస్కు తుడవకముందే, ఇప్పుడున్న 11లో ఆ రెండు ప్రోగ్రాములూ వేసి చూడండి. నడవనిదాన్ని పాత కంప్యూటర్‌లోనే, నెట్ కనెక్షన్ తీసేసి వాడుకోవచ్చు. లేదా 11లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాము) వేసి, దాని లోపల 32 బిట్ విండోస్ 10 పెట్టుకోవచ్చు. దానికి లైసెన్సు వేరే కావాలి.

దేవరకొండలో మా చెల్లెలి ల్యాప్‌టాప్‌కు మళ్లీ వేసినప్పుడు, ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనబడక సగం పూట పోయింది. ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్‌ను కంపెనీ సైట్ నుంచి దించి, అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టి, 'లోడ్ డ్రైవర్' నొక్కి చూపించాక కనబడింది. తరువాత వైఫై కూడా లేదు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఫోన్ నెట్‌తో పని సాగింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్కు ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని సమాచారానికి తాళం) మీకు తెలియకుండానే మొదలుకావచ్చు. ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి గల్లాపెట్టెలో దాచుకోండి.

మళ్లీ నల్లగొండ నుంచి

ఇద్దరికీ ధన్యవాదాలు. పేజ్‌మేకర్ తెరుచుకుంది, టైపింగ్ ప్రోగ్రాము మాత్రం 16 బిట్ అన్న సందేశమిచ్చి ఆగిపోయింది. నిన్న రాత్రి 11 హోమ్‌నే మళ్లీ వేశాను, పాత కంప్యూటర్‌కు నెట్ తీగ పీకేశాను. ఒక్కటే కొరత: గౌతమి ఫాంటులో చేసిన నోటీసులు తెరిస్తే అక్షరాల రూపు మారి, వరుసలు కిందికి జారుతున్నాయి.

జవాబు – మహబూబ్‌నగర్ నుంచి

సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి, తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అన్నది చేర్చండి. గౌతమి, వాణి రెండూ అందులోనే ఉన్నాయి.