ఉప్పునీటి చెరువులో సొంత ఏరియేటర్: షాఫ్టుకి ఏ బేరింగ్ వేయాలి?

మొగల్తూరు రైతు
పాత మోటారు, గేర్‌బాక్సు ఉంటే రొయ్యల చెరువుకి ఏరియేటర్ (రెక్కలు తిప్పి నీళ్లలో గాలి కలిపేది) కట్టిస్తున్నానండి. షాఫ్టు 25 మిల్లీమీటర్లు, నిమిషానికి వంద తిప్పుల చిల్లర. ఆ సైజుకి సరిపోయే 6205 బాల్ బేరింగులు వేసెయ్యమని ఒకరు, గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన లోహం) బుష్, అంటే షాఫ్టు తిరిగే గొట్టం, అని ఒకరు, నైలాన్ చాలని ఇంకొకరు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే టైములో షాఫ్టు పట్టేస్తే చెరువంతా పోతుంది. వాడినవాళ్లు చెప్పండి.

పాలకొల్లు లేత్
ముందు నీళ్లు తగులుతాయా లేదా చూడండి. గేర్‌బాక్సులో బాల్ బేరింగే సరి. రెక్కల షాఫ్టుకి మాత్రం వద్దండి. బేరింగ్ మీద జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూత, అది దుమ్ముకే. రబ్బరు సీలున్న 2ఆర్‌ఎస్ కూడా జల్లుకి కొన్నాళ్లు ఆగుతుందంతే. వేడెక్కి ఆగాక చల్లారుతూ సీలు పక్కనుంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. మామూలు బేరింగ్ స్టీలు తుప్పు పట్టేదే. ఒక్కసారి గుంటలు పడ్డాయా, ఇక గరగరే. వంద తిప్పులకి బుష్ హాయిగా సరిపోతుంది.

రాజోలు పడవ
గన్‌మెటల్ మంచిదే కానీ మామూలు ఇనుప షాఫ్టు మీద వేయకండి. ఉప్పునీటిలో ఆ రెండూ కలిస్తే ఇనుముని తుప్పు త్వరగా తినేస్తుంది. బుష్, షాఫ్టు కలిపే ఎంచుకోవాలి. కుదిరితే షాఫ్టుకి 316 గ్రేడు స్టెయిన్‌లెస్ తీసుకోండి. 304 గ్రేడుకి ఉప్పునీటిలో చిన్న చిన్న గుంటలు పడతాయి, అదీ బుష్ కింద నీళ్లు నిలిచిన చోటే ఎక్కువ.

భీమవరం చెరువులు
నైలాన్ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది అన్నా. బోరు, అంటే బుష్ లోపలి రంధ్రం, బిగిసి షాఫ్టుని పట్టేస్తుంది. డెల్రిన్ అనే ప్లాస్టిక్ చాలా తక్కువ పీలుస్తుంది. యూహెచ్ఎండబ్ల్యూ అనే గట్టి గ్రేడు పాలిథీన్ అయితే దాదాపు పీల్చదు, రాపిడికీ బాగా ఆగుతుంది. కానీ షాపుల్లో తెల్లగా ఉన్న ప్రతి రాడ్డూ నైలానే అంటారు! చిన్న ముక్క కోయించి బకెట్ నీళ్లలో వేయండి. నైలాన్, డెల్రిన్, టెఫ్లాన్ మూడూ మునుగుతాయి. వీటిలో పాలిథీన్ ఒక్కటే తేలుతుంది. మామూలు పాలిథీన్ కూడా తేలుతుంది కాబట్టి గ్రేడు అడిగి మరీ తీసుకోండి.

మొగల్తూరు రైతు
ఇది చాలా పనికొచ్చింది. మరి లూజు ఎంత ఉంచాలి? గ్రీజు పెట్టాలా?

పాలకొల్లు లేత్
గన్‌మెటల్‌కి అర పాయింటు, అంటే 0.05 మిల్లీ లూజు సరిపోయేచోట, పాలిథీన్‌కి పావు మిల్లీ దాకా ఉంచండి. ప్లాస్టిక్ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. బుష్ లోపల పొడుగునా మూడు నాలుగు గాళ్లు (సన్నటి కాలవల్లాంటివి) కోయించండి, బరువు పడే కింది వైపు మాత్రం వద్దు. ఆ గాళ్లలో నీళ్లు ఆడుతూ చల్లబరుస్తాయి, బురదనీ కడిగేస్తాయి. గ్రీజు వద్దు, ఇసుక రేణువులు దానికి అంటుకుని షాఫ్టుని గీసేస్తాయి. షాఫ్టు ఆ చోట బాగా పాలిష్ ఉండాలి. బుష్‌ని దిమ్మెలా చేయించి బోరు మధ్యకి రెండు ముక్కలుగా కోసి బోల్టులు పెట్టుకుంటే, షాఫ్టు ఊడదీయకుండానే మార్చుకోవచ్చు.

కైకలూరు చేపలు
మాది మంచినీటి చెరువండి. గ్రీజు కప్పుతో గన్‌మెటల్ బుష్ బాగానే నడుస్తోంది. ఉప్పు లేనిచోట అంత టెన్షన్ లేదు.

మొగల్తూరు రైతు
316 షాఫ్టు, చీల్చిన పాలిథీన్ బుష్ ఖాయం చేశాను. బుష్‌లు రెండు సెట్లు చేయిస్తున్నా, ఒకటి గట్టు మీద షెడ్డులోనే ఉంటుంది. ఎంత అరిగాక మార్చాలో ఎవరైనా చెప్తారా?

భీమవరం చెరువులు
కరెంటు తీసేసి షాఫ్టుని చేత్తో పైకి ఎత్తి చూడండి. ఒక మిల్లీ దాటి ఆడితే మా చెరువుల మీద మార్చేస్తాం. ఆ తర్వాత రెక్కలు ఊగి, ఆ ఊపు గేర్‌బాక్సు సీలు మీద పడుతుంది.